మూత్రపు జన్యు పరీక్ష ఉంటే సిస్టోస్కోపీ మానేయవచ్చా?

మూత్రంలో జన్యు గుర్తులు చూసే పరీక్ష చేయిస్తే, మూత్రాశయంలో క్యాన్సరు గడ్డ తీయించుకున్న మీ నాన్నగారికి మూడు నెలలకోసారి చేస్తున్న సిస్టోస్కోపీ, అంటే మూత్రమార్గం గుండా కెమెరా ఉన్న సన్నని గొట్టం వేసి మూత్రాశయం లోపల చూసే పరీక్ష, మానేయవచ్చా అని అడిగారు. మానకండి. ఇదే ప్రశ్న పట్టుకుని మా అమ్మ విషయంలో నేను రెండేళ్లు తిరిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె. ఆ తరం ఆడవాళ్లలో చాలామందిలాగే అమ్మ కూడా ముప్ఫై ఏళ్లకు పైగా అడ్డచుట్ట కాల్చింది. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ అలవాటు అంగిలికి చేటని ఊళ్లో అందరికీ తెలుసు గాని, పొగాకులోని విషపదార్థాలు రక్తంలో కలిసి, మూత్రపిండాలు వడగట్టాక, గంటల తరబడి మూత్రాశయపు గోడకు తగులుతూ నిలిచి ఉంటాయని మాకెవరూ చెప్పలేదు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే మొదట వేడి చేసిందన్నారు. ఆ తరువాత ఇన్‌ఫెక్షన్ అంటూ ఏడు నెలల్లో నాలుగుసార్లు యాంటీబయాటిక్స్ రాశారు. ఆడమనిషి కదా, చుట్ట కాలుస్తారా అని ఒక్క డాక్టరూ అడగలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

చివరకు స్కానింగ్‌లో గడ్డ కనిపించింది. మూత్రమార్గం గుండానే దాన్ని గీసి తీసేశాక, ఈ క్యాన్సరు మళ్లీ మళ్లీ వచ్చే రకం కనుక మూడు నెలలకోసారి గొట్టం వేసి చూడాలన్నారు. అమ్మకు దాని నొప్పి కంటే సిగ్గు ఎక్కువ. ముందురోజు నుంచే అన్నం ముట్టేది కాదు. ఆ బాధ తప్పిద్దామనే నేను ఫిష్ పరీక్షకు డబ్బు కట్టాను. మూత్రంలోకి రాలిన కణాల్లో 3, 7, 17 క్రోమోజోములు రెండేసి కాక ఎక్కువ ఉన్నాయా, 9వ క్రోమోజోములో 9పీ21 అనే భాగం ఊడిపోయిందా అని వెలిగే రంగు గుర్తులతో లెక్కపెట్టే పరీక్ష అది. అమెరికాలో దానికి 2001లోనే అనుమతి వచ్చింది.

మొదటి నమూనా వృథా అయింది. నిద్ర లేవగానే పోసిన మూత్రమే తెమ్మని ల్యాబ్‌లో చెప్పారు. రాత్రంతా నానిన కణాలు చివికిపోతాయని, ఆ తరువాత పోసినదే మంచిదని, తగినన్ని కణాలు లేవన్న రిపోర్టు వచ్చాక గాని మాకు తెలియలేదు. వేల రూపాయలు తీసుకునేవారు ఈ ఒక్క మాట చీటీ మీద రాసి ఇవ్వాలి.

రెండో నమూనా పాజిటివ్ వచ్చింది. అదే వారం చేసిన సిస్టోస్కోపీలో మాత్రం గోడ శుభ్రంగా ఉంది. ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని అమ్మ, "ఉందా నేదా, ఒక్క ముక్క సెప్పు నాయినా" అంది. నా దగ్గర ఆ ఒక్క ముక్క లేదు. మా యూరాలజిస్టు ఆ రిపోర్టును తప్పుడు పాజిటివ్ అని పక్కన పడేయలేదు. గడ్డలా పైకి లేవకుండా పొర మీద చదునుగా పాకే రకం ఉంటుందని, అది గొట్టంతో చూసినా కంటికి ఆనకపోవచ్చని చెప్పి, తేదీలు తప్పనివ్వలేదు. మూడు నెలలకు చూస్తే ఏమీ లేదు. ఆరు నెలలకు చూస్తే ఎర్రటి మచ్చ. ముక్క తీసి పరీక్షిస్తే ఆయన చెప్పిన రకమే. ఇంకా కండరంలోకి పాకలేదు గనుక, పసిపిల్లలకు క్షయ టీకాగా వేసే బీసీజీనే వారానికోసారి ఆరు వారాలు మూత్రాశయంలోకి ఎక్కించారు. ఆ కణాలను కంటికంటే ముందు పట్టుకున్నది మూత్ర పరీక్షేనని నా నమ్మకం.

అలాగని నెగటివ్ వస్తే నిశ్చింతగా ఉండకూడదు. నెమ్మదిగా పెరిగే గడ్డల్లో క్రోమోజోముల లెక్క పెద్దగా చెదరదు. అలాంటివాటిని ఫిష్ తరచు వదిలేస్తుంది. వాటిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో మార్పు ఎక్కువగా కనిపిస్తుంది. టెర్ట్ జన్యువు ముందుభాగంలో వచ్చే మార్పు నెమ్మదిగా పెరిగే గడ్డల్లోనూ వేగంగా పెరిగే గడ్డల్లోనూ చాలావాటిలో ఉంటుంది కాబట్టి నా ఆశంతా దాని మీదే. ఇరాన్‌లోని గోలెస్తాన్‌లో ఆరోగ్యంగా ఉన్నప్పుడే సేకరించి దాచిన మూత్రంలో, రోగం బయటపడటానికి పదేళ్ల ముందే ఆ మార్పు కొందరిలో కనిపించిందని 2020లో ప్రచురించారు. మా తీరంలో చుట్ట కాల్చిన ప్రతి అవ్వకూ అలాంటి పరీక్ష చవకగా అందాలని కోరుకుంటున్నాను.

మీ నాన్నగారికి జన్యు పరీక్ష చేయించదలచుకుంటే సిస్టోస్కోపీకి తోడుగా చేయించండి. నిద్ర లేవగానే పోసినది వదిలేసి, తరువాతి మూత్రాన్ని ఇవ్వండి. పాజిటివ్ వచ్చి గోడ శుభ్రంగా కనిపిస్తే, రెండు రిపోర్టులూ ఒకే డాక్టరు ముందు పెట్టి, తరువాతి తేదీ రాయించుకునే బయటికి రండి.