పిల్లలు నాకే చెప్పుకుంటారు, కౌన్సెలర్ కావచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్తే. మాది పరకాల. బీఎస్సీ బోటనీ, బీఈడీ చేసి మూడేళ్లుగా హనుమకొండలో ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్తున్నాను. ఇంట్లో గొడవలైనా, మార్కులు తగ్గినా పిల్లలు నా దగ్గరికే వచ్చి ఏడుస్తారు. స్కూల్ కౌన్సెలర్ కావాలని ఉంది. ఆన్‌లైన్‌లో పది రోజుల సర్టిఫికెట్ కోర్సు చాలని తెలిసినవాళ్లు అంటున్నారు. నిజమేనా?
– ఒక టీచర్, హనుమకొండ

జవాబు: చాలదు. దానికి డబ్బు కట్టకండి. పిల్లలు మిమ్మల్ని నమ్ముతున్నారు, అది ఏ కోర్సూ ఇవ్వలేదు. కానీ ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం వేరు, ఆ ఏడుపు వెనక ఏముందో కనిపెట్టి తర్వాత ఏం చేయాలో తెలిసి ఉండటం వేరు.

నా సంగతే చెప్తాను. కొత్తలో ఎనిమిదో తరగతి పాప "ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తా" అంటే ఒట్టేశాను. ఆమె చెప్పింది ఇంటికొచ్చే ఒక బంధువు గురించి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం అలాంటిది తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోవడం నేరం. చెప్పాను. ఆ పాప నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. "నీకు ప్రమాదం ఉందనిపిస్తే మాత్రం ఇంకొకరికి చెప్పాల్సి వస్తుంది, ముందు నీతోనే అంటాను" అని మొదటే చెప్పి ఉండాల్సింది, ఆ మాట చెప్పడం నాకు శిక్షణలోనే వచ్చింది.

ఇక చదువు. ఇగ్నోలో ఎంఏ సైకాలజీ ఏ డిగ్రీ వాళ్లయినా దూరవిద్యలో రెండేళ్లలో చేసేవాళ్లు, కానీ 2025 నుంచి దూరవిద్యలో సైకాలజీ కొత్త ప్రవేశాలను యూజీసీ ఆపించింది. టీచర్లకైతే ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా బాగుంటుంది. ఏడాది కోర్సు, మన దక్షిణాది వాళ్లకు మైసూరు కేంద్రం. అందులో చివరి మూడు నెలలు ఇంటర్న్‌షిప్, నేను దాన్ని మెచ్చుకునేది అందుకే. అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ క్యాక్రెప్. దాని గుర్తింపు ఉన్న మాస్టర్స్‌లో 100 గంటల ప్రాక్టికమ్ (తొలి దశ ప్రత్యక్ష శిక్షణ), ఆపైన 600 గంటల ఇంటర్న్‌షిప్, అదీ సూపర్‌వైజర్ చూస్తుండగా చేయాలి. మీరు ఏ కోర్సులో చేరినా ముందు ఒకటే అడగండి, నేను పిల్లలతో కూర్చుని మాట్లాడిన తర్వాత తప్పొప్పులు చెప్పే అనుభవజ్ఞులు ఉంటారా అని. లేరంటే వద్దు.

మన దగ్గర ఇంకోటి ఉంది. మన పిల్లలు డిప్రెషన్ అనరు, "పానం మంచిగ లేదు టీచర్" అంటారు, కడుపునొప్పి అంటారు. ములుగు నుంచి వచ్చిన కోయ పిల్లకో, మహబూబాబాద్ తండా నుంచి వచ్చిన లంబాడీ పిల్లకో తెలుగు ఇంటి భాష కాదు, బాధ చెప్పడానికి మాట వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటను తొందరపెట్టకుండా ఉండాలి. పుస్తకంలో చదివితే వచ్చేది కాదు అది.

అవకాశాలు పెరుగుతున్నాయి. 100 మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న సంస్థల్లో కనీసం ఒక కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఉండాలని 2025 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది.

ఈలోపు మీ దగ్గరికి వచ్చే పిల్లలను ఆపకండి. వినండి, సలహాలు వద్దు. చనిపోవాలని ఉందనే మాట వస్తే మాత్రం ఆ పిల్లను ఒంటరిగా వదలకుండా అమ్మానాన్నలకు చెప్పి, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లమనండి. మానసిక ఇబ్బందులకు ఫోన్‌లో సాయం చేసే టెలి మానస్ నంబర్ 14416, పిల్లల సహాయానికి చైల్డ్‌లైన్ 1098, రెండూ స్టాఫ్ రూమ్ గోడ మీద రేపే రాసి పెట్టండి.