ఉగాండాలో బట్వా పిల్లల చదువుకీ వైద్యానికీ డబ్బు పంపితే నిజంగా చేరుతుందా?

గొరిల్లాలు చూడ్డానికి బ్విండి అడవికి వెళ్లొచ్చాననీ, అక్కడ బట్వా అనే అడవి తెగ పిల్లల్ని చూశాక ఏదో ఒకటి చేయాలనిపిస్తోందనీ రాశారు. చేరేలా పంపితే చేరుతుంది. నేను కంపాలాలో ఆరేళ్లు అకౌంట్స్ ఉద్యోగం చేశాను. ఈ విషయంలో ఒకసారి చేతులు కాల్చుకున్నాను కూడా.

అన్నట్టు, 'పిగ్మీ' అనే మాట వాళ్ల ముందు వాడకండి, చిన్నచూపుగా వినిపిస్తుంది. వాళ్లు బట్వా. ఒక్కరైతే ముత్వా.

ఒక ఏడాది ఉగాదికి మా తెలుగువాళ్లం వేసుకున్న చందాల్లో కొంత మిగిలింది. దాంతో అరవై స్కూలు బ్యాగులు, నోటు పుస్తకాలు కొని, రాత్రి బస్సెక్కి బట్వా ఉండే కిసోరో వైపు వెళ్లాం. పంచాం, ఫొటోలు దిగాం, వచ్చేశాం. నాలుగు నెలల తర్వాత వేరే పని మీద అటు వెళితే, మేమిచ్చిన నీలం బ్యాగు ఒకావిడ వీపు మీద కనిపించింది. నిండా బంగాళాదుంపలు. వేరేవాళ్ల పొలంలో తవ్వినందుకు కూలి కింద ఇచ్చారట. వెనకాలే ఆవిడ కొడుకు, బడి జరిగే టైములో, భుజాన పలుగుతో. నాకు ముందు కోపమొచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ ఇంట్లో లేనిది బ్యాగు కాదు కదా.

అక్కడ ప్రాథమిక విద్య 1997 నుంచే ఉచితం. కానీ బడికి వెళ్లాలంటే యూనిఫాం కావాలి, పరీక్షల ఖర్చుంటుంది, టర్ము మొదట్లో కాగితాల కట్ట, చీపురు లాంటివి తెమ్మంటారు. అన్నిటికంటే పెద్దది మధ్యాహ్నం తిండి. మన సర్కారు బడుల్లో పెట్టినట్టు అక్కడ ఊరికే పెట్టరు. తల్లిదండ్రులు డబ్బో మొక్కజొన్నలో ఇస్తేనే ఆ పిల్లకి పోషో (మొక్కజొన్న పిండి ముద్ద), బీన్స్. ఇవ్వలేని ఇంటి పిల్లలు పక్కవాళ్లు తింటుంటే చూస్తూ కూర్చోలేక ఇంటికెళ్లిపోతారు. నాట్లప్పుడు, కోతలప్పుడు అసలు రారు.

ఇక వైద్యం. నేను దగ్గర్నుంచి చూసినదొకటి చెబుతాను. ఎనిమిదేళ్ల పాప గుడిసె గడప మీద కూర్చుని పిన్నీసుతో కాలి బొటనవేలి గోరు పక్కన గుచ్చుకుంటోంది. జిగ్గర్ అంటారు, మట్టి నేలలో పెరిగే ఒక రకం చిన్న పురుగు. చర్మంలోకి దూరి, గుడ్లతో ఉబ్బి, బఠాణీ గింజంత అవుతుంది. పాప ఒకటి తీసి, అదే పిన్నీసు తమ్ముడికిచ్చింది. అలాగే చీము పట్టేది, ధనుర్వాతం వచ్చేదీ. రెండు కాళ్లకీ పది పన్నెండు ఉంటే పిల్ల మూడు కిలోమీటర్లు నడిచి బడికి ఏం వెళ్తుంది? దానికి పెద్ద ఆసుపత్రి అక్కర్లేదు. చెప్పుల జత, ఇంట్లో సిమెంటు నేల ఉంటే సగం బాధ పోతుంది. అయితే సొంత స్థలం లేనివాళ్లు సిమెంటు ఎక్కడ వేయించుకుంటారు?

అసలు ముడి అక్కడే ఉంది. 1991లో బ్విండి, మ్గహింగా అడవుల్ని నేషనల్ పార్కులు చేసి వీళ్లని బయటికి పంపేశారు. చాలామందికి బదులుగా భూమి దక్కలేదు. మన నల్లమల చెంచులూ, టైగర్ రిజర్వూ గుర్తొస్తాయి. 2021లో ఉగాండా రాజ్యాంగ న్యాయస్థానం వీళ్లకి అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. తీర్పు వచ్చినంత తేలిగ్గా భూమి రాదనుకోండి.

మరి ఎవరికి పంపాలి? బ్విండి అడవి పక్కన బుహోమా ఊళ్లో బ్విండి కమ్యూనిటీ హాస్పిటల్ ఉంది. 2003లో ఒక అమెరికన్ డాక్టరు, ఆయన భార్య బట్వా కోసం చెట్టు కింద మొదలుపెట్టిన క్లినిక్ ఇప్పుడు పెద్ద ఆసుపత్రి అయింది. అక్కడ ఆరోగ్య బీమా పథకం కూడా నడిపారు. నాకైతే ఒక కుటుంబానికి బీమా చందా కట్టడం బట్టల మూటలు పంపడం కంటే వందరెట్లు మేలనిపిస్తుంది. కిసోరోలో బట్వావాళ్లదే ఒక సంఘం ఉంది, 'యునైటెడ్ ఆర్గనైజేషన్ ఫర్ బట్వా డెవలప్‌మెంట్ ఇన్ ఉగాండా'. భూమి హక్కులూ చదువూ రెండూ చూస్తారు. ఎవరికి పంపినా ముందు మెయిల్ పెట్టి, మీ డబ్బు ఏ పనికి వాడతారో అడగండి. సరిగ్గా జవాబిచ్చేవాళ్లకే పంపండి.

మధ్యవర్తికి మాత్రం ఇవ్వకండి. బ్యాగుల తర్వాత బుద్ధొచ్చి, నలుగురు పిల్లల పరీక్ష ఫీజు, భోజనం డబ్బులు ఒక స్థానిక పెద్దమనిషికి మొబైల్ మనీలో వేశాం. రెండు టర్ములు "కట్టేశాను సార్" అన్నాడు. బడికి ఫోన్ చేస్తే ఒక్క షిల్లింగు కూడా కట్టలేదని తేలింది. అప్పట్నుంచి నేరుగా బడి బ్యాంకు ఖాతాకే వేసి, రసీదు ఫొటో తెప్పించుకుంటున్నాం. టర్ము మధ్యలో ఒకసారి హెడ్మాస్టరుకి ఫోన్ చేసి హాజరు అడుగుతాం. ఆయనకి విసుగే, పాపం. కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా బడిలోనే ఉన్నారు. నాలుగో పిల్లకి పదిహేనేళ్లకే పెళ్లి చేసేశారు. దానికి మా రసీదులేం చేస్తాయి?

ఇండియా నుంచి పంపేటట్టయితే బ్యాంకులో ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకి డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద ఫారం ఏ2 నింపి, డొనేషన్ అని రాయండి. దీనికి ఆదాయపు పన్నులో విరాళాల మినహాయింపు రాదు. మా ఫ్రెండు ఒకాయన వస్తుందని లెక్కలేసుకుని, మార్చిలో నాకు ఫోన్ చేసి తిట్టాడు.