తీర్పు వచ్చినా కావేరి గొడవ ఎందుకు ఆగడం లేదు?

బెంగళూరు మారతహళ్లిలో నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూసే మన తెలుగువాళ్లు ప్రతి ఎండాకాలం అడిగేదే ఇది: 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది కదా, మళ్లీ గొడవేంటి?

కోర్టు పంచింది మామూలు ఏడాదికి లెక్కగట్టిన 740 టీఎంసీలను. తమిళనాడుకు 404.25, కర్ణాటకకు 284.75. ఇందులో బెంగళూరు తాగునీటికని అదనంగా ఇచ్చింది 4.75.

వాన తగ్గితే వాటాలూ తగ్గాలి. ఎంత తగ్గాలన్నదే అసలు చిక్కు. నైరుతి వానలు తప్పితే కర్ణాటకలోని కేఆర్‌ఎస్ (కృష్ణరాజ సాగర) జలాశయం నిండదు, సరిగ్గా అప్పుడే తమిళనాడులో తంజావూరు వైపు కురువై (తొలి పంట) వరికి నీళ్లు కావాలి. మీకు తర్వాత ఈశాన్య రుతుపవనాల వానలున్నాయి కదా అంటుంది కర్ణాటక. అవి వచ్చేలోపే పైరు ఎండిపోతే? 2023లో ఈ టెన్షనే బంద్‌ల దాకా వెళ్లింది. తన కాలువ ఎండుతుంటే కిందికి నీళ్లు వదలొద్దని అడ్డుపడే కర్ణాటకలోని మండ్య రైతునూ నేను తప్పుపట్టలేను. కరువు ఏడాది లెక్క వానలకు ముందే ఒప్పుకోవాలి, ఆగస్టులో కాదు.