బ్రేక్ ఈవెన్ లెక్క చిన్న వ్యాపారాలకు పనికొస్తుందా? పక్కన పంచాంగం పెట్టుకుని వేస్తే పనికొస్తుంది

"చిన్న వ్యాపారాల్లో బ్రేక్ ఈవెన్ లెక్క నిజంగా ఎవరైనా వేస్తారా, లేక అది ఎంబీఏ పరీక్షలకేనా?" అని అడిగారు. ఎంత అమ్మితే ఖర్చులన్నీ వచ్చేసి లాభమూ నష్టమూ లేకుండా సరిపోతుందో తేల్చే లెక్క అది. నేను వేస్తాను. మాది తెనాలిలో శుభలేఖల ప్రెస్సు. నాన్న పెట్టింది, ఎనిమిదేళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఆ లెక్క వేయకపోతే 2024 ఎండాకాలంలో అప్పులపాలయ్యేదాన్ని. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వేసినా అప్పులపాలయ్యేదాన్నే. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

2024 మార్చి. ఉగాదికి ఇంకా మూడు వారాలుంది. మిషన్లు అమ్మే కంపెనీ మనిషి ఒకాయన వచ్చి, కలర్ డిజిటల్ మిషన్ కొటేషన్ కౌంటర్ మీద పెట్టాడు. "నెలకి పద్దెనిమిది వేలు కిస్తీ మేడమ్. రోజుకి ఆరొందలు. మీకున్న గిరాకీకి అదో లెక్కా?" అన్నాడు. నాకూ ఆశ పుట్టింది. ఆ రోజు తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి ఉన్నాడు, ఎంబీఏ చేసినవాడు. భోజనాలయ్యాక లాప్‌టాప్ తెరిచి ఐదు నిమిషాల్లో తేల్చేశాడు.

షాపు అద్దె 14,000, ఇద్దరి జీతాలు 27,000, కరెంటు, నెట్టు అన్నీ కలిపి 4,000. షట్టరు ఎత్తినా ఎత్తకపోయినా నెలకు పడేది 45,000. కిస్తీ కలిపితే 63,000. కార్డు ఇరవై రూపాయలకు అమ్ముతాం. శివకాశి నుంచి వచ్చే ఖాళీ కార్డు మాకు పదకొండు పడుతుంది, ఇంకూ కిరసనాయిలూ ఓ రూపాయి. మిగిలేది ఎనిమిది. 63,000ని 8తో భాగిస్తే 7,875. "రోజుకి 263 కార్డులే అక్కా, ఒక్కో పెళ్లికి ఐదొందలు కొట్టిస్తారు కదా, కళ్లు మూసుకుని తీసుకో" అన్నాడు.

మంచం మీద పడుకుని వింటున్న నాన్న అటు తిరగకుండానే అడిగారు: "మరి అక్క జీతం ఏదిరా అందులో?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా షాపులో ఉండేది నేను. డీటీపీ (కంప్యూటర్లో కార్డు టైపు చేసి అమర్చడం) నాది, బేరం నాది, ప్రూఫు నాది. బయట ఇదే పని చేస్తే ఇరవై వేలిస్తారు. లెక్కలో నా జీతం సున్నా. మా బజార్లో ఎవర్ని కదిపినా ఇంతే. సొంత షాపు కాబట్టి అద్దె లేదంటారు, భార్యాభర్తలిద్దరూ కూర్చుంటారు కాబట్టి జీతాల్లేవంటారు, లాభమే లాభమంటారు. ఆ షాపు ఇంకొకరికి అద్దెకిచ్చి, ఇద్దరూ ఎక్కడైనా పనికెళ్తే ఎంతొస్తుందో ఒక్కసారి కూడా రాసి చూసుకోరు. నాకు ఇది చాలా బాధగా అనిపిస్తుంది, ఎందుకంటే అలా లెక్కలోకి రాకుండా పోయేది ఎక్కువగా ఆడవాళ్ల చాకిరీ.

సరే, నా జీతం కలిపాం. ఇప్పుడు మిషన్ లేకపోతే 65,000, మిషన్ ఉంటే 83,000. తమ్ముడు మళ్లీ ఎనిమిదితో భాగించబోయాడు. అప్పుడు నాకు అంతకుముందు వారం జరిగింది గుర్తొచ్చింది.

వంద కార్డుల ఆర్డరు. అమ్మాయి తండ్రి వచ్చి ప్రూఫు చూసి సరే అన్నారు. బటర్ పేపర్ మీద పాజిటివ్, అంటే కార్డు మీద పడాల్సిన అక్షరాల నల్లటి ప్రింటు, తీశాం. మా దగ్గర స్క్రీన్ కొట్టే బాబాయి చట్రానికి బిగించిన సన్నటి గుడ్డకు, అదే స్క్రీన్‌కు, వెలుగు తగిలితే గట్టిపడే ఎమల్షన్ పూసి, చీకటి గదిలో ఆరబెట్టి, లైటు పెట్టె మీద ఎక్స్‌పోజ్ చేసి, నీళ్లతో కడుగుతున్నాడు. నీళ్లు పడుతుంటే అక్షరాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి. నాకు ఇప్పటికీ చూడబుద్దేస్తుంది. సరిగ్గా "సుముహూర్తం" అనే మాట తేటపడేసరికి ఫోను. "అమ్మా, పంతులుగారు ముహూర్తం మార్చారు, తెల్లవారుజామున కాదంట, రాత్రికంట." ఆ స్క్రీన్ చెరిపేసి మళ్లీ మొదటికి. వంద కార్డులకు పడిన చాకిరీ ఐదొందల కార్డులకు పడేంత.

అంటే మా వ్యాపారంలో లెక్కపెట్టాల్సింది కార్డుల్ని కాదు, ఆర్డర్లని. ఎన్ని కార్డులున్నా ఆర్డరుకో పాజిటివ్, ఎమల్షన్, పాడయ్యే ఓ పది కార్డులు, అన్నీ కలిపి 250 పోతుంది. ఐదొందల కార్డుల ఆర్డరులో నాలుగు వేలు మిగిలితే అందులోంచి 250 పోయి 3,750. వంద కార్డులదైతే 800లోంచి 250 పోయి 550. 65,000 రావాలంటే పెద్ద ఆర్డర్లు 18 చాలు, చిన్నవైతే 119 కావాలి. మా టేబుల్ మీద రోజుకి నాలుగు ఆర్డర్లకు మించి దిగవు. నెలకు 26 పనిరోజులకు 104. అంటే చిన్న ఆర్డర్లతో రాత్రీ పగలూ కష్టపడినా మేం ఆ 65,000 దాటలేం! బ్రేక్ ఈవెన్ గ్రాఫు మీద అమ్మకాల గీత కుడివైపు ఎంత దూరమైనా సాగుతుంది, మా బాబాయి చేతులు సాగవు. ఈ ముక్క నేను చూసిన ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ఆర్డర్లు చిన్నవెందుకయ్యాయో వేరే చెప్పాలా. కరోనాలో పెళ్లికి 50 మందే అన్నప్పుడు మొదలైంది. దగ్గరివాళ్లకు కార్డు, మిగతా అందరికీ వాట్సాప్. రోగం పోయింది, అలవాటు పోలేదు. నాలుగు మూలలా పసుపు రాసి, ఇంటికొచ్చి బొట్టుపెట్టి చేతిలో పెట్టే శుభలేఖకూ ఫోన్లో వచ్చే బొమ్మకూ తేడా లేదా అండీ?

మిషన్ కొంటే స్క్రీన్ పని తప్పుతుంది కదా అంటారేమో. తప్పుతుంది. కానీ టోనరు (ఆ మిషన్‌కు వాడే రంగు పొడి) ఖర్చుతో కార్డుకు మిగులు ఎనిమిది నుంచి ఆరుకు పడుతుంది, పాడయ్యే కార్డులు ఎటూ పాడవుతాయి. వంద కార్డుల మీద వచ్చే 600లోంచి పాడయ్యే పది కార్డుల ఖరీదు 110 పోయి మిగిలేది 490. ఉన్న స్క్రీన్ కంటే తక్కువ, పైన కిస్తీ.

ఇక అసలు సంగతి. నాన్న లేచి కొత్త పంచాంగం తెచ్చి నా ముందు పెట్టారు. క్రోధి నామ సంవత్సరం. "ముందు ఇది చూడు" అన్నారు. ఏప్రిల్ ఆఖర్లో మూఢం మొదలు. అది అయ్యేలోపే ఆషాఢం. శ్రావణం వచ్చేది ఆగస్టు 5న. మే నెల, మాకు ఏడాది మొత్తానికీ తిండి పెట్టే నెల, ఒక్క ముహూర్తం లేదు. తర్వాత భాద్రపదం, ఆ తర్వాత ధనుర్మాసం. నికరంగా పనుండే నెలలు ఏడు. మిషన్ కొంటే ఏడాదికి పడే 9,96,000 ఆ ఏడు నెలల్లోనే రావాలి, నెలకు 1,42,000 పైన. కిస్తీకి మూఢం ఉండదు కదా. తమ్ముడు లాప్‌టాప్ మూసేశాడు.

మిషన్ కొనలేదు. ఆ మే 13న మన దగ్గర ఎన్నికలు. కరపత్రాల పని వచ్చింది. వేలకొద్దీ కాగితాలు కొట్టే ఆఫ్‌సెట్ మిషన్ మాకు లేదు. పక్క వీధిలో ఉన్నాయన దగ్గర కొట్టించి కమీషన్ తీసుకున్నాను. రూపాయి పెట్టుబడి లేని పని. చట్టప్రకారం కరపత్రం మీద ప్రింటరు పేరు ఉండాలి కాబట్టి ఆయన పేరే వేశాం. డబ్బు ముందు తీసుకున్నాకే పని ముట్టుకున్నాం. అరువిచ్చి బ్రేక్ ఈవెన్ దాటామనుకునేవాళ్లకు ఒకటే మాట: వసూలు కాని ఆర్డరును లెక్కలో కలపొద్దు.

ఇంకో పని కూడా చేశాను. రెండొందల కార్డుల లోపు ఆర్డరుకు స్క్రీన్ తయారుచేసే పనికని సెట్టింగ్ చార్జి 500 విడిగా తీసుకుంటున్నాను. వంద కార్డుల ఆర్డరు మిగులు 550 నుంచి 1,050 అయింది. 119 ఆర్డర్లు కావాల్సిన చోట 62 చాలు. "పేర్లు కొట్టడానికి ఐదొందలా" అని లేచి వెళ్లినవాళ్లు ఉన్నారు, ఎక్కువమంది ఇచ్చారు. తోటి ప్రెస్సులవాళ్లు సెట్టింగ్ ఉచితంగా చేసి గిరాకీ లాగుతామనుకుంటున్నారు. వంద కార్డుల పని ఉచితంగా లాగితే వాళ్ల టేబులే నిండిపోతుంది, పెద్ద ఆర్డరొచ్చిన రోజు చోటుండదు. వాళ్లకూ ఇదే చెబుతున్నాను.

నాన్నకు మొదట్లో ఈ చార్జి నచ్చలేదు, మొహమాటం. ఈ మాఘమాసంలో ఒక రోజు నేను లేనప్పుడు ఆయనే కౌంటర్లో కూర్చున్నారు. వచ్చి చూస్తే గల్లా పెట్టె పక్కన అట్టముక్క మీద ఆయన చేతిరాత: "సెట్టింగ్ 500. ప్రూఫు మీద సంతకం పెట్టాక మార్పులకు మళ్లీ 250."