పీపా పుట్టిన ఊరు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. తండ్రీ కొడుకుల మధ్య ఏళ్ల తరబడి పేరుకున్న మౌనాన్ని ఒక రాత్రి, ఒక సీసా ముందు కూర్చోబెట్టి కరిగించాలనుకోవడం మంచి ఆలోచన. కొడుకు ఇంట్లో ఆ తండ్రి సోఫా అంచున మాత్రమే కూర్చోవడం, రిటైరైన మనిషి కాబట్టి పొద్దున్నే లేచి ఏం చేయాలో తోచక గిన్నెలన్నీ కడిగి పెట్టడం చదివినప్పుడు నువ్వు మనుషుల్ని దగ్గరగా చూస్తావని తెలిసింది. అంత శ్రద్ధగా చూసే నువ్వు సీసా దగ్గరికి వచ్చేసరికి చూడటం మానేశావు. నీ వాక్యం ఇది: "పాత పీపాల్లో ఊరిన ఆ బోర్బన్ స్కాచ్ మూత తీయగానే పొగ వాసన గుప్పుమంది."

కథ జరిగేది అమెరికాలో, కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్ నగరంలో. ఆ ఊళ్లో ఉన్న తెలుగు పాఠకుడు ఈ వాక్యం దగ్గర పుస్తకం మూసేస్తాడు. బోర్బన్ అమెరికా విస్కీ, స్కాచ్ స్కాట్లండ్ విస్కీ. బోర్బన్ స్కాచ్ అనేది లోకంలో లేదు. బోర్బన్‌ను పాత పీపాల్లో పోయరు. నువ్వు రాసిన ఆ పొగ వాసన దానికి రాదు. ఒక్క వాక్యంలో మూడు తప్పులు. వీటిని దిద్దుకుంటూ పోతే నీ కథకు ఏమేం దొరుకుతాయో చెప్పాలనే ఈ ఉత్తరం.

నీ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మన సినిమాల్లో విలన్ బల్ల మీద వ్యాట్ 69 సీసా ఉండేది. గల్ఫ్ నుంచి వచ్చే బంధువు పెట్టె అడుగున చొక్కాల మధ్య జానీ వాకర్ చుట్టి తెచ్చేవాడు. రెండూ స్కాట్లండ్ సరుకే. అలా మన ఇళ్లలో స్కాచ్ అంటే ఖరీదైన ఫారిన్ విస్కీ అనే అర్థం స్థిరపడింది. నీ కథలో తండ్రి బోర్బన్ సీసా చూసి "స్కాచా?" అని అడిగితే అది అందంగా ఉంటుంది, ఆ మనిషి వయసూ ఊరూ ఆ ఒక్క మాటలో తెలుస్తాయి. పాత్ర పొరబడవచ్చు. కథ చెప్పే గొంతు పొరబడకూడదు.

ఇంకో కారణం కూడా ఉంది, అది మా తరానిది. 1990ల తొలి సంవత్సరాల్లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడటం చూసినవాళ్లం మేము. సీసా పేరెత్తితే మొహం తిప్పుకోవడం మాకు అలవాటైంది. అందులో న్యాయం ఉంది, నేనూ తాగను. కానీ దానివల్ల మన కథల్లో సీసా ఎప్పుడూ పతనానికి గుర్తుగానో డాబుకు గుర్తుగానో మిగిలింది. దాని లోపల ఏముందో ఎవరూ రాయలేదు. నీ కొడుకు పాత్ర పదిహేనేళ్లుగా ఉంటున్న ఊరికి ఆ సీసా ఒక పంట, ఒక వృత్తి, ఒక చట్టం. అతన్ని అర్థం చేసుకోవాలంటే నువ్వు దాన్ని కూడా అర్థం చేసుకోవాలి.

ఇక పీపా సంగతి. బట్టీ నుంచి దిగిన సారా ఎక్కడైనా నీళ్లలా తెల్లగానే ఉంటుంది. రంగు తెచ్చేదీ, రుచిలో చాలా భాగం తెచ్చేదీ కొయ్య. బోర్బన్ అని పేరు పెట్టాలంటే ఆ సారాను కొత్త ఓక్ పీపాలో పోయాలని, దాని లోపలి గోడలు ముందే నిప్పుతో కాల్చి ఉండాలని అమెరికా చట్టం. పైనుంచి రంగు గానీ వాసన ద్రవ్యం గానీ కలపకూడదు. పీపాలు కట్టే చోట ఆ కాల్చడం చూడాలి. రెండు వైపులా తెరిచి ఉన్న పీపాను మంట మీద నిలబెడతారు. నిమిషం లోపే లోపలి గోడ నల్లగా పగిలి మొసలి వీపులా అవుతుంది. ఆ బొగ్గు పొర కింద, కొయ్యలోని చక్కెరలు వేడికి కరిగి పాకంలా మారిన ఎర్రటి గీత ఒకటి ఏర్పడుతుంది. బోర్బన్‌లో వచ్చే వెనిలా వాసన, కాల్చిన చక్కెర తీపి, కాస్త కొబ్బరి వాసన అన్నీ ఆ ఓక్ గోడల్లోంచి దిగినవే.

దాదాపు 200 లీటర్లు పట్టే ఆ పీపాలో నాలుగేళ్లో ఆరేళ్లో ఊరిన తరువాత బోర్బన్‌ను దింపేస్తారు. ఆ పీపాను మళ్లీ బోర్బన్‌కు వాడటానికి లేదు, అది ఇక కొత్తది కాదు. మంచి కొయ్య, ఇంకా ఎన్నో ఏళ్ల పని మిగిలి ఉన్న కొయ్య. అది ఓడ ఎక్కి స్కాట్లండ్ వెళుతుంది.

స్కాచ్ చట్టానికి కొత్త పీపా అక్కర్లేదు. 2009 నిబంధనల ప్రకారం స్కాచ్ అనాలంటే అక్కడే బట్టీ దించాలి, అక్కడే 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంచాలి. రంగు సమంగా రావడానికి కాస్త కాల్చిన చక్కెర రంగు కలపడానికి అనుమతి కూడా ఉంది. పీపా ఇదివరకు బోర్బన్ మోసినా, ద్రాక్షసారా మోసినా ఇబ్బంది లేదు. ఒకప్పుడు స్పెయిన్ నుంచి షెర్రీ ద్రాక్షసారా పీపాలతోనే బ్రిటన్‌కు వచ్చేది, ఖాళీ అయిన వాటిని స్కాట్లండ్ వాళ్లు వాడుకునేవారు. ఇప్పుడు అక్కడి గిడ్డంగుల్లో ఎక్కువ భాగం అమెరికా నుంచి వచ్చిన బోర్బన్ పీపాలే. స్పేసైడ్ ప్రాంతంలో క్రెయిగెలాకీ అనే ఊళ్లో ఒక పెద్ద పీపాల కర్మాగారం ఉంది. దాని ఆవరణలో పిరమిడ్లలా పేర్చిన పీపాలు కనిపిస్తాయి. విరిగిన పలకలు తీసేసి, వేరే పీపాల పలకలు వేసి, మళ్లీ ఇనుప కట్లు బిగించి పంపుతారు. ఒకే పీపా అక్కడ రెండు మూడు సార్లు, దశాబ్దాల పాటు పని చేస్తుంది.

కనుక నువ్వు రాసిన "పాత పీపా" స్కాచ్‌కు సరిపోతుంది. దాని వెనుక కెంటకీలో గడిచిన మొదటి జీవితం ఉంటుంది. నీ కథలో తండ్రి ఇన్నాళ్లూ ఊరు దాటని మనిషి, కొడుకు సముద్రం దాటినవాడు. ఈ పీపా కూడా సముద్రం దాటుతుంది. ఈ పోలికను కథలో ఎవరి చేతా చెప్పించవద్దు. కొడుకు ఆ పీపా ప్రయాణం గురించి తండ్రికి రెండు ముక్కలు చెబితే చాలు, మిగిలింది పాఠకుడు కలుపుకుంటాడు.

వాతావరణం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ కొడుకు పాత్ర "పన్నెండేళ్లది నాన్నా" అని గర్వంగా అంటాడు. స్కాచ్‌లో పన్నెండేళ్లు మామూలు. బోర్బన్‌లో అది ముసలితనం. కెంటకీ ఎండాకాలం మనకు తెలిసిన ఎండాకాలమే. కొన్నేళ్ల కిందట జూలైలో అక్కడ ఒక ఏడంతస్తుల చెక్క గిడ్డంగి పై అంతస్తులో నిలబడ్డాను. చెమటతో చొక్కా తడిసిపోయింది, వెనిలా వాసన గొంతులో దిగింది. ఆ వేడికి సారా వ్యాకోచించి కొయ్యలోకి చొచ్చుకుపోతుంది, చలికాలంలో వెనక్కి వస్తుంది. పైగా కొయ్య కొత్తది. అందుకే అక్కడ రుచి త్వరగా దిగుతుంది, ఎక్కువ ఏళ్లు ఉంచితే కొయ్య చేదు మింగేస్తుంది. స్కాట్లండ్ చల్లగా తేమగా ఉంటుంది, కొయ్య అలిసిపోయినది, పని నిదానం. ఆవిరయ్యేది కూడా రెండు చోట్లా ఒకలా ఉండదు. కెంటకీ పై అంతస్తుల్లో నీరు ఎక్కువ ఆవిరై సారా ఘాటు పెరుగుతుంది. స్కాట్లండ్ తేమలో సారాయే ఎక్కువ ఆవిరై ఘాటు తగ్గుతుంది. ఏటా రెండు శాతం వరకు అలా గాలిలో కలిసిపోతుందని అక్కడి లెక్క. దాన్ని దేవదూతల వాటా అంటారు. ఆ మాట చాలామంది రాసి అరగదీశారు, నువ్వు వాడకు. దానికి బదులు గిడ్డంగి గోడలు రాయి. ఆ ఆవిరిని తిని బతికే బాడోయినియా అనే బూజు ఒకటి ఉంది. గిడ్డంగుల గోడలూ చుట్టుపక్కల చెట్ల కాండాలూ మసి పూసినట్టు నల్లబడతాయి. లూయీవిల్ చుట్టుపక్కల కారులో వెళుతున్నప్పుడు తండ్రి ఆ నల్లటి చెట్లను చూసి ఏదో అగ్నిప్రమాదం జరిగిందనుకుంటాడు. ఆ సన్నివేశం నీ కథలో ఉండాలని నా కోరిక.

ఇక పొగ. స్కాచ్ మాల్ట్‌కు బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు, మనం రాగులు మొలకగట్టినట్టే. తరువాత ఆరబెట్టాలి. చెట్లు తక్కువైన, స్కాట్లండ్‌లోని ఐలా దీవిలో కట్టెలకు బదులు దొరికింది పీట్. తడినేలల్లో వేల ఏళ్లుగా నాచూ గడ్డీ పేరుకుని గట్టిపడిన పొర అది. ఇటుకల్లా కోసి, పిడకలు పేర్చినట్టు పేర్చి ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. దాని పొగ బార్లీకి పట్టి సీసా దాకా వస్తుంది. లఫ్రోయిగ్ లాంటి ఐలా విస్కీ వాసన చూస్తే ఆసుపత్రిలో గాయానికి పూసే అయోడిన్ గుర్తుకొస్తుంది. అయితే స్కాచ్ అంతా పొగ అనుకోవడం ఇంకో తప్పు. స్పేసైడ్ విస్కీల్లో చాలావాటికి పొగ జాడే ఉండదు. బోర్బన్‌లో మామూలుగా పీట్ ఉండదు. అందులో ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, మిగతాది రై అనే ధాన్యం గానీ గోధుమ గానీ, పులియడానికి దారి చేసే కాస్త మొలకెత్తిన బార్లీ. మొక్కజొన్న ఉంటే చాలు బోర్బన్ అని కూడా రాయకు. స్కాట్లండ్‌లో మాల్ట్‌తో కలపడానికి తయారుచేసే గ్రెయిన్ విస్కీలో కూడా మొక్కజొన్న వాడవచ్చు. జానీ వాకర్ లాంటి బ్లెండెడ్ స్కాచ్ అలా కలిపిందే. కెంటకీలోనే చేయాలన్న నియమం కూడా లేదు. బోర్బన్ అమెరికాకు ప్రత్యేకమైన సరుకని 1964లో అక్కడి కాంగ్రెస్ తీర్మానించింది, ఆ దేశంలో ఏ రాష్ట్రంలోనైనా చేయవచ్చు. విస్కీ అనే మాటను రెండు దేశాల వాళ్లూ ఇంగ్లీషులో రెండు రకాలుగా రాస్తారు, మన లిపిలో ఆ చిక్కు లేదు.

ఒక ఉపమానం గురించి చెప్పాలి. కెంటకీలో ఒక బట్టీ దించాక అడుగున మిగిలిన పులుపు నీటిని కొంత తీసి తరువాతి ఊటలో కలుపుతారు. దీన్ని సోర్ మాష్ అంటారు. 19వ శతాబ్దంలో దీన్ని కొలతల ప్రకారం, శాస్త్రీయంగా స్థిరపరిచిన జేమ్స్ క్రో స్కాట్లండ్ నుంచి వెళ్లినవాడే. నా పాత వ్యాసంలో నేను దీన్ని పెరుగుకు తోడు వేయడంతో పోల్చాను. చాలామంది మెచ్చుకున్నారు. అది తప్పని తరువాత తెలిసి చాలా బాధపడ్డాను. తోడులో ఉన్నది బతికున్న సూక్ష్మజీవి. ఈ నీరు కాగి దిగినది, అందులో ప్రాణం ఉండదు. దాని పని పులుపు ఇచ్చి ఊట చెడకుండా కాపాడటం, పులియబెట్టడానికి ఈస్టును విడిగా వేయాలి. మన వంటింటి పోలిక తట్టగానే చేతికి హాయిగా ఉంటుంది. అది పని జరిగే తీరుకు కూడా సరిపోతుందా అని ఒకసారి ఆగి చూడు.

ఎలైజా క్రెయిగ్ అనే బాప్టిస్టు బోధకుడే బోర్బన్‌ను కనిపెట్టాడని అక్కడి గైడ్లు చెబుతారు. దానికి ఆ కాలపు ఆధారం లేదు. కొడుకు నోట పెట్టు, బాగుంటుంది. కథనంలో పెట్టకు.

ఇదంతా కథలో పోయమని అనడం లేదు. నువ్వు వాడేది రెండు మూడు వాక్యాలు. కొడుకు ఏ సీసా ఎంచుకున్నాడో, ఎందుకు ఎంచుకున్నాడో నీకు తెలిస్తే అతను సీసా పట్టుకునే తీరే మారుతుంది. తండ్రికి ఐలా పొగ విస్కీ పోసిన కొడుకు వేరు, తన ఊరి మొక్కజొన్న తీపి పోసిన కొడుకు వేరు. నువ్వు రాసిన కొడుకు రెండోవాడని నాకు అనిపిస్తోంది.

చివరి పేజీలో పెరట్లో తల్లి నాటిన కరివేపాకు మొక్క ఉంది. దాన్ని మామూలు కుండీలో పెట్టావు. కెంటకీ ఇళ్లలో అడ్డంగా కోసిన సగం బోర్బన్ పీపాల్లో మొక్కలు పెంచుతారు, స్కాట్లండ్ వెళ్లని పీపాల్లో కొన్ని అలా మిగులుతాయి. కరివేపాకును అందులో పెట్టు. కానీ చలికాలం రాగానే దాన్ని ఇంట్లోకి తేవాలి, మట్టి నిండిన సగం పీపాను తండ్రీ కొడుకూ కలిసి పట్టినా కదలదు. కింద చక్రాల పలక ఒకటి ముందే వేయించు. లేదా వేయించకు, అక్టోబరులో ఒక సాయంత్రం ఇద్దరినీ దాని ముందు నిలబెట్టు.

మార్చిన ప్రతి పంపు. ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు