సోలార్ ఉంటే కార్ల చార్జింగ్‌కి సరిపోతుందా?

ప్రశ్న: మాది బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. 250 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, మేడ మీద 20 కిలోవాట్ల సోలార్ ఉన్నాయి. ఇరవై మంది కారు చార్జర్లు అడుగుతున్నారు. సోలార్ సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. ఎండ బాగున్న రోజు మీ ప్యానెళ్లు సుమారు 80 యూనిట్లిస్తాయి, అదీ ఎక్కువగా పది నుంచి మూడు మధ్య. కార్లేమో రాత్రి ఏడు దాటాక ఇల్లు చేరతాయి. అందరూ 7.4 కిలోవాట్ల చార్జర్లు పెడితే ఒక్కసారిగా 148 కిలోవాట్ల లోడు. దానికి లిఫ్టులు, మోటార్లు, ఏసీలు తోడైతే ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోవడం కష్టం.

నిజానికి అంత చార్జర్ అక్కర్లేదు. రోజుకు 40 కిలోమీటర్లు తిరిగే కారుకు ఆరేడు యూనిట్లు చాలు, 3.3 కిలోవాట్ల చార్జర్ రెండు గంటల్లో ఇస్తుంది. మెయిన్ ప్యానెల్‌లో సీటీలు (ఎంత కరెంటు పారుతోందో కొలిచే పరికరాలు) బిగించి, మిగిలిన ఆంపియర్లనే కార్లకు పంచే లోడ్ కంట్రోలర్ పెట్టండి. చార్జర్లను మూడు ఫేజులకు (బిల్డింగుకు కరెంటు తెచ్చే మూడు లైన్లకు) 7, 7, 6గా సర్దండి. అన్నీ ఒకే ఫేజు మీద పడితే అక్కడ వోల్టేజీ పడిపోతుంది, కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ తీగ వేడెక్కుతుంది. ఒక్కో చార్జర్‌కు విడిగా ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్), 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్) తప్పనిసరి. మామూలు ప్లగ్గు గంటల తరబడి 15 ఆంపియర్లు మోస్తే వేడెక్కి కరగొచ్చు, ఇండస్ట్రియల్ సాకెట్ వాడండి.

కరెంటు పోతే సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగుతుంది. జనరేటర్‌తో కలిపి నడపాలంటే ప్రత్యేక కంట్రోలర్ కావాలి, లేదంటే మిగులు కరెంటు జనరేటర్‌లోకే ఎదురెక్కుతుంది. జనరేటర్ నడిచే సమయంలో చార్జర్లు వాటంతటవే ఆగేలా కాంటాక్టర్ (తనంతట తానే లైన్ తెంపే స్విచ్) పెట్టించండి. పని మొదలెట్టే ముందే బెస్కామ్‌లో (బెంగళూరు కరెంటు సంస్థ) మీకు మంజూరైన లోడు (శాంక్షన్డ్ లోడు) చూసుకోండి. ఆదివారం ఇంట్లో ఉండే కార్లను మాత్రం సోలార్ వచ్చే పగటి పూటే చార్జింగ్ పెట్టమనండి.