పెరటి కోళ్లు – మీ ప్రశ్నలు: ఆరు పెట్టలకు ఏ జాతి?

ప్రశ్న: మేడమ్, ఇంట్లో మేం నలుగురం. ఇంటి వెనక కొంచెం ఖాళీ జాగా ఉంది. అందులో ఆరు పెట్టల్ని పెంచాలనుకుంటున్నాం, గుడ్ల కోసమే. ఏడాదికి మూడొందలు పెడుతుందని ఒకరు లెగ్‌హార్న్ కొనమంటున్నారు. ముద్దుగా ఉంటుంది, ఆర్పింగ్టన్ తెచ్చుకో అంటోంది మా చెల్లెలు. ఇంకొకరు హైబ్రిడ్ తప్ప మరేదీ దండగ అన్నారు. మా పిల్లలిద్దరూ చిన్నవాళ్లు. గోడ అవతలే పక్కింటివాళ్లు. దేన్ని తీసుకోమంటారు?

జవాబు: ముందు ఆ మూడొందల సంగతి తేల్చేద్దాం. ఆరు పెట్టలు, తలా మూడొందలు అంటే ఏడాదికి 1800 గుడ్లు, వారానికి దాదాపు 35. నలుగురు మనుషులు అన్ని తింటారా? అదే ఏడాదికి 220 పెట్టే మామూలు జాతి అనుకోండి, వారానికి 25 వస్తాయి. అప్పటికీ పక్కింటికి నాలుగు పంపొచ్చు. పక్కింటివాళ్లతో మీకు ఎలాగూ పని పడుతుంది కాబట్టి అదీ మంచిదే.

పైగా ఆ గుడ్లు ఏడాది పొడవునా సమానంగా రావు. ఒక గుడ్డు తయారవడానికి పెట్టకు 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందులో పెంకు కట్టడానికే ఇరవై గంటల దాకా పోతుంది. అందుకే గుడ్డు రోజురోజుకీ కాస్త ఆలస్యమవుతూ వచ్చి, మధ్యలో ఒకరోజు అసలు ఉండదు. పగటి వెలుగు తగ్గే నెలల్లో పెట్టడం తగ్గుతుంది. ఈకలు రాల్చి కొత్తవి తొడుక్కునే రెండు మూడు నెలలు చాలా పెట్టలు పూర్తిగా ఆపేస్తాయి. అది జబ్బేమో అని టెన్షన్ పడకండి.

ఇక లెగ్‌హార్న్. తెల్లగుడ్డుకు దాన్ని మించింది లేదు, ఆ మాట నిజమే. ఒళ్లు చిన్నది, రెండు కిలోల లోపే. తిన్న దాణాకు న్యాయం చేస్తుంది. నెత్తిమీది ఎర్ర జుట్టు పెద్దది కాబట్టి ఒంట్లో వేడి అందులోంచి పోతుంది, ఎండకు బాగా తట్టుకుంటుంది. గడ్డకట్టే చలి ఉన్నచోట మాత్రం ఆ జుట్టు కొసలే నల్లబడి చచ్చుబడిపోతాయి. అన్నీ బాగానే ఉన్నాయి గానీ ఒట్టి బెదురుకోడి. బకెట్ కింద పెట్టిన చప్పుడుకి గోడెక్కుతుంది. మీ గోడ అవతల ఎవరున్నారో మీరే రాశారు.

ఆర్పింగ్టన్ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన రకం. ఇంగ్లండులో కెంట్ ప్రాంతపు ఆర్పింగ్టన్ ఊళ్లో విలియం కుక్ అనే ఆయన 1886లో తయారు చేసిన జాతి. పిల్లలు ఎత్తుకున్నా ఊరుకుంటుంది. కానీ ఒళ్లు బరువు, ఈకలు మందం. ఎండాకాలంలో ముక్కు తెరిచి రొప్పుతూ నీడ వదిలి కదలదు. ఇంకో తిప్పలేమిటంటే, పొదగడానికి కూర్చుందంటే వారాల తరబడి లేవదు, గుడ్డూ పెట్టదు. మీ చెల్లెలికి చెప్పండి: చలి ప్రాంతమైతే ఒకటి రెండు ఉంచుకోవచ్చు, ఆరూ అవే వద్దు.

హైబ్రిడ్‌లను నేను తీసిపారేయను. రోడ్ ఐలండ్ రెడ్ పుంజును తెల్లరంగు ససెక్స్ లాంటి పెట్టతో కలిపితే వచ్చే పిల్లల్లో, పొదిగిన రోజే నూగు రంగు చూసి పెట్టేదో పుంజేదో చెప్పేయొచ్చు. నాలుగున్నర, అయిదు నెలలకే గుడ్డుకొస్తాయి. మొదటి రెండేళ్లు గంప నింపుతాయి. ఆ తర్వాత గుడ్డు సంచికి సంబంధించిన జబ్బులు వీటిలో ఎక్కువ కనిపిస్తాయి. వాటి పిల్లలు వాటిలాగే ఉంటాయన్న నమ్మకమూ లేదు. మీ పిల్లలు పెట్టలకు పేర్లు పెట్టేస్తారు, చూస్తూ ఉండండి. గుడ్లు తగ్గిన పెట్ట ఇంకో నాలుగైదేళ్లు హాయిగా బతుకుతుంది. అప్పుడు దాన్ని ఉంచుకుంటారా, పంపించేస్తారా అనేది కొనకముందే ఇంట్లో మాట్లాడుకోండి. జాతి ఎంపిక కన్నా ఆ మాటే కష్టం.

నన్నడిగితే మీకు ఆస్ట్రలార్ప్. నల్లటి నిగనిగలాడే ఈక, నిదానం, గోధుమరంగు గుడ్డు. నల్ల ఆర్పింగ్టన్‌లనే తీసుకెళ్లి ఆస్ట్రేలియావాళ్లు గుడ్ల కోసం తీర్చిదిద్దుకున్న రకం ఇది. 1922–23లో అక్కడి పోటీలో ఆరంటే ఆరే పెట్టలు 365 రోజుల్లో 1857 గుడ్లు పెట్టాయి. అది విని మీ ఆరు కూడా అంతే పెడతాయనుకోవద్దు. ఒకే జాతి పేరుతో రెండు వంశాలు నడుస్తుంటాయి. ఒకటి ప్రదర్శనల కోసం ఒళ్లూ ఈకా చూసి ఎంచుతూ వచ్చినది, రెండోది గుడ్ల లెక్క చూసి ఎంచినది. ఈ తేడా జాతికీ జాతికీ మధ్య ఉన్న తేడా కన్నా పెద్దది కావచ్చు. అమ్మేవాళ్లను ‘ఏ జాతి’ అని కాదు, ‘వీటి తల్లులు మొదటి ఏడాది ఎన్ని పెట్టాయి, రాసిపెట్టారా’ అని అడగండి. తడబడితే ఇంకోచోటు చూసుకోండి.

ఆరూ ఒకేసారి కొనకండి. ఈ ఏడాది నాలుగు నల్లవి, వచ్చే ఏడాది రెండు చారల ప్లిమత్ రాక్‌లు తెచ్చుకోండి. అన్నీ ఒకే ఏడు ముసలివి కావు. పైగా రంగు చూడగానే దేని వయసు ఎంతో తెలిసిపోతుంది, కాళ్లకు కడియాలు వేసే పని ఉండదు. కొత్తవాటిని ఒంటరిగా మాత్రం వదలొద్దు. ఎప్పుడూ జంటగా తేవాలి, కొన్నాళ్లు మధ్యలో వల కట్టి ఒకదాన్నొకటి చూసుకోనివ్వాలి.

ప్రశ్న: ‘గుడ్డు మీదున్న పెట్ట’ అని చెప్పి అమ్ముతున్నారు. నిజమో కాదో ఎలా తెలుస్తుంది?

జవాబు: చేతిలోకి తీసుకుని చూస్తే చాలావరకు తెలుస్తుంది. జుట్టు ఎర్రగా, మెత్తగా, నిండుగా ఉండాలి. పాలిపోయి ముడుచుకుని ఉంటే పెట్టడం లేదన్నమాట. తర్వాత పెట్టను చంకలో ఇరికించుకుని, తోక కింద గుడ్డు దిగే చోటు చూడండి. పెట్టేదానికి అది వెడల్పుగా, తడిగా ఉంటుంది. దాని కిందే రెండు సన్నని ఎముక కొనలు చేతికి తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పడితే పెడుతోంది. ఒక వేలే పడితే లేదు.

పసుపు కాళ్ల జాతులైన లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్, ప్లిమత్ రాక్‌లలో ఇంకో ఆనవాలుంది. మేతలోని పసుపురంగు పచ్చసొనకు పోవడంతో ఒంటిమీద వెలుస్తూ వస్తుంది. మొదట గుడ్డు దిగే చోట, తర్వాత కంటి చుట్టూ, ఆపైన ముక్కు, చివరికి కాళ్లు. కాళ్లు పూర్తిగా వెలవెలబోయాయంటే నెలల తరబడి పెడుతోందని అర్థం. అమ్మేవాళ్లు ‘నిన్ననే మొదలెట్టింది, లేత పెట్ట’ అంటూ తెల్లకాళ్ల కోడిని చేతిలో పెడితే నవ్వి వచ్చేయండి. ఆస్ట్రలార్ప్ కాళ్లు నల్లగా ఉంటాయి కాబట్టి దానికి ఈ పరీక్ష కుదరదు. వేళ్ల లెక్కే నమ్ముకోవాలి.

ప్రశ్న: గోధుమరంగు గుడ్డుకు బలం ఎక్కువట కదా?

జవాబు: కాదు. అది పెంకు మీద చివర్లో పడే పూత. పగలగొట్టి లోపలివైపు చూడండి, తెల్లగానే ఉంటుంది. చిలీ దేశపు అరకానా పెట్టే నీలిగుడ్డుకు మాత్రం రంగు పెంకు లోపలిదాకా ఉంటుంది. దానికీ బలంతో సంబంధం లేదు. పచ్చసొన ముదురు రంగు కూడా మేతను బట్టే.

ప్రశ్న: రోడ్ ఐలండ్ రెడ్‌లతో పాటు రెండు సిల్కీలు, రెండు పోలిష్ కోళ్లు కలిపి పెంచొచ్చా?

జవాబు: ఇరుకు గూడైతే వద్దు. పోలిష్‌కి తలమీది ఈకల కుచ్చు కళ్లకు అడ్డం. ఎవరు పొడుస్తున్నారో చూసుకునేలోపే కుచ్చు పీకేస్తారు. సిల్కీ ఈక నీటిని ఆపదు, వానలో ముద్దయిపోతుంది. ఎత్తుమీది కర్ర ఎక్కలేదు. గుడ్లూ తక్కువే. పిల్లలు పొదిగించుకోవాలంటే మాత్రం సిల్కీని మించిన తల్లి దొరకదు. విడిగా చిన్న గూడు కట్టి ఉంచండి.

ప్రశ్న: పుంజు లేకపోతే గుడ్లు పెట్టవా?

జవాబు: పెడతాయి. పుంజు కావలసింది పిల్లలకే. దగ్గర దగ్గర ఇళ్లయితే తేవద్దు. తెల్లవారుజామున ఒక్కసారి కూసి ఊరుకుంటుందనుకుంటారు గానీ, మధ్యాహ్నం కునుకు తీసేవేళకీ కూస్తుంది.